తెరుచుకోని సంగం పుస్తకం

మా చాల్ వయసు ఎవరికీ సరిగ్గా తెలియదు. నన్నడిగితే అది ముంబయి కన్నా పెద్దది. సముద్రం ఇటువైపు వద్దామని బయల్దేరి, అప్పటికే మా చాల్ ఇక్కడ నిలబడి ఉండటం చూసి మర్యాదగా అవతలే ఆగిపోయిందని మా ఆవిడకి చాలాసార్లు చెప్పాను. ఆమె ఒక్కసారీ నమ్మలేదు. మూడంతస్తులు, అంతస్తుకు పద్నాలుగు ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్ళు, అన్నిటి ముందూ ఒకటే వరండా. మొదటి ఖోలీలో తిరగమోత వేస్తే పద్నాలుగో ఖోలీలో తుమ్ముతారు. పాలమూరు వైపు నుంచి వచ్చి కామాటిపురలో రాళ్ళు మోసి గోడలు లేపినవాళ్ళ మనవలం మేము. మా తాతలు ఊరంతా కట్టి, అలిసిపోయి, తమ వంతు వచ్చేసరికి ఖోలీకి పదడుగులు ఇటూ పన్నెండడుగులు అటూ గీసుకుని చాలించారు.

ఇప్పుడు దాన్ని కూలుస్తారట. కూల్చి, మేఘాలకు తల తగిలేంత ఎత్తు కట్టి, ఖోలీ హక్కు ఉన్న ప్రతివాళ్ళకీ అందులో ఒక ఫ్లాటు ఇస్తారట. నలభై రెండు ఖోలీల్లో నలభై ఒకటికి, రసీదులో సొంతవాళ్ళ పేరో బతికున్న సాక్షులో దొరికి, కాగితాలు ఏదో ఒక విధంగా కుదిరాయి. కుదరనిది మా వదినె ఖోలీ. అది ఆమెదే అని చెప్పే రాత ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది నా దగ్గరే ఉంది. తెరుచుకోదు.

వదినె అంటే తోడబుట్టిన అన్న పెళ్ళాం కాదు. పక్క ఖోలీ. ఆమె భర్తను నేను అన్నా అనేవాణ్ణి, ఆ వరసన ఆమె వదినె అయింది. పాలమూరు నుంచి పదహారేళ్ళ వయసులో కొత్త కోడలిగా ఈ మెట్లెక్కింది. ఇప్పుడు డెబ్భైకి దగ్గర పడింది. పిల్లలు లేరు, అన్న పోయి చాలా కాలమైంది. రెండిళ్ళలో వంట చేసి బతుకుతుంది. ఆమె నోటి గురించి ఒక్క మాట చెబితే చాలు. మా గల్లీలో కాకులు ఆమె వరండాలోకి వచ్చాక కూయవు, వింటాయి.

ఆమె ఖోలీ చిక్కు ఇది. చాల్ యజమాని ఇచ్చే కిరాయి రసీదు ఇప్పటికీ అన్న మేనమామ పేరు మీదే వస్తోంది. మా చాల్‌లో అది మామూలే. ఖోలీ చేతులు మారినా రసీదులో పేరు మార్పించం. పాత పేరు మీదే కట్టుకుంటూ పోతాం. యజమానికి డబ్బు ముడుతుంది, పోయిన పెద్దమనిషికి గౌరవం ముడుతుంది. అసలు చేతులు మారిన సంగతి మాత్రం మా చాల్ తెలుగువాళ్ళ సంగం పుస్తకంలో ఎక్కుతుంది. ఐదుగురు పెద్దలు రెండో అంతస్తు వరండాలో చాప మీద కూర్చునేవారు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఎదురుగా కూర్చునేవారు. తెలుగులో నాలుగు వరసలు రాసి, అందరూ వేలిముద్రలు వేసి, చాయ్ తాగి లేచేవారు. ఆ పుస్తకమే మాకు కోర్టు.

ఆ మేనమామ చివరి రోజులు పాలమూరులో గడుపుతానని బయల్దేరేముందు ఖోలీ ఎవరికి రాయాలని పెద్దలు అడిగారు. "మా వానికి రాస్తే శనివారం దాంక గూడ ఉండది, అమ్ముకుంటడు. కోడలు పిల్లకు రాయుండ్రి" అన్నాడట. అన్న అక్కడే కూర్చుని, తల ఊపి, మొదటి వేలిముద్ర తనే వేశాడట. అలా ఆ ఖోలీ వదినె పేరున పుస్తకంలో ఎక్కింది.

సర్కారు సర్వే వాళ్ళు వచ్చివెళ్ళిన మర్నాడు వదినె నా గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా మరిదీ, గా పుస్తకంల నా పేజీ తియ్యి. ఆఫీసుల చూపియ్యాల్నట."

"పుస్తకమేడిది వదినె? అదంత కంప్యూటర్ల ఉన్నది గద."

"ఎక్కడుంటె గక్కడ్నుంచి తియ్యి. నీ కంప్యూటరును నేనేం ఎత్తుకపోత లేను."

"తీస్త, తీస్త. చిటికెల పని."

చిటిక కూడా వేశాను. అది మాత్రం బాగా మోగింది.

చిటిక వేయడం వెనక ఉన్న కథ చెప్పాలి. పాతికేళ్ళ కిందట ఫోరస్ రోడ్డు మీద నాకు ఒక ప్రెస్సు ఉండేది. ప్రెస్సు అనగానే హోరుమనే యంత్రాలు ఊహించుకోకండి. నేను మాత్రం అందరికీ అలాగే చెప్పేవాణ్ణి. ఒక జెరాక్సు దుకాణం మెట్ల కింద, నేను ఊపిరి పీలిస్తే కంప్యూటరు పక్కకు జరగాల్సినంత చోటు. పెళ్ళి కార్డులు, దశదిన కర్మ కార్డులు, గణపతి చందా పుస్తకాలు. ఈ గల్లీలన్నిటిలో తెలుగు అక్షరం కొట్టగల యంత్రం నాదొక్కటే. నా చేయి పడకుండా కామాటిపురలో తెలుగువాడు పెళ్ళి చేసుకోలేడు, చచ్చిపోనూ లేడు అని గర్వంగా ఉండేది.

ఆ తెలుగు కొట్టే ప్రోగ్రాము ఒక కంపెనీవాళ్ళది. దానితో అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చారు. లాకు అనేవాళ్ళం. అది కంప్యూటరు వీపున ఉన్న కంతలో దూర్చితేనే ప్రోగ్రాము కళ్ళు తెరుస్తుంది. అందులో చేసిన ఫైలు ఇంకే ప్రోగ్రాములోనూ తెరుచుకోదు. అప్పట్లో నాకు అది గొప్పగా అనిపించింది. ఎంత భద్రం!

ఒక వానాకాలం సంగం పుస్తకం అంచులు తడిసి బూజు పట్టింది. పెద్దలు దిగులుపడ్డారు. నేను వరండాలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ముప్పావు గంట ఇచ్చానని నేనంటాను, మా ఆవిడ ఐదు నిమిషాలంటుంది. "పుస్తకాన్ని చెదలు తింటది, వాన నానబెడ్తది, ఎలుక కొరుకుతది. కంప్యూటరును ఏదీ ఏం చెయ్యది. నూరేండ్లకైనా బటన్ నొక్కితె ముంగటికొస్తది" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. మూడు నెలలు కూర్చుని మొత్తం కొట్టాను. కీబోర్డులో వేలిముద్రకు బటన్ లేదు. అందుకని వేలిముద్ర ఉన్న ప్రతిచోటా "వేలిముద్ర" అని కొట్టాను.

పెద్దల్లో ఒకాయన మెల్లగా అడిగాడు, "ఒక ప్రింటు తీస్తె మంచిగుంటదేమో?"

"ప్రింటు తీస్తె మళ్ళ కాగితమే గద పెద్దయ్యా! కాగితం బీమారి పోవాల్ననే గద గింత చేసింది."

ఆయన నోరు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు, అక్కడే వచ్చింది తిప్పలు.

ఇక పాత పుస్తకాన్ని ఏం చేయాలన్నది సమస్య. రాత ఉన్న పుస్తకాన్ని మావాళ్ళు పాత కాగితాలు కొనే రద్దీవాడికి అమ్మరు. సరస్వతి. పైగా అందులో పోయినవాళ్ళ వేళ్ళున్నాయి. పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ పెట్టి, ఆ ఏడు గణపతి బండిలో దేవుడి పాదాల దగ్గర కూర్చోబెట్టి చౌపాటీ సముద్రానికి తీసుకెళ్ళాం. గణపతి మూడు మునకల్లో వెళ్ళిపోయాడు. పుస్తకం వెళ్ళలేదు. దాని అట్టలు బాగా గట్టివి. రెండుసార్లు మునిగి రెండుసార్లూ పైకొచ్చింది. నడుం లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులా దాన్ని అదిమిపట్టింది నేనే. బుడగలు ఆగేదాకా పట్టుకున్నాను. ఒడ్డున ఉన్నవాళ్ళు మోరియా అని అరిచారు.

తరవాత నా కంప్యూటరు ముసలిదైంది. కొత్తది కొన్నాను. దాని వీపు నున్నగా ఉంది, లాకు దూర్చే కంతే లేదు. కంపెనీకి ఫోను చేస్తే ఆ నంబరులో పళ్ళ దవాఖానా వాళ్ళు పలికి, ఏ పన్ను నొప్పి అని అడిగారు. అప్పటికి పెళ్ళి కార్డులు హిందీలోకీ మరాఠీలోకీ, అక్కడి నుంచి ఫోన్లలోకీ వెళ్ళిపోయాయి. తెలుగు కొట్టమని అడిగేవాళ్ళే లేరు. ఒకసారి ఇల్లు సర్దుతూ లాకును ఎక్కడో పెట్టాను. ఫైలును మాత్రం ఒక కంప్యూటరులోంచి ఇంకో దాంట్లోకి, అక్కడి నుంచి పెన్ డ్రైవులోకి, పసిపిల్లలా మోసుకుంటూ వచ్చాను. తెరవకుండా. సంగం వాళ్ళు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అవసరమొచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఇదిగో, అవసరమొచ్చింది.

పెన్ డ్రైవు జేబులో వేసుకుని, వదినెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. గుమ్మం పక్కన ఒక నోటీసు అంటించి ఉంది. పత్రాలను కంప్యూటరు ఫైలుగా ఇచ్చేవాళ్ళు, లోపలి అమరిక అందరికీ తెలిసిన బహిరంగ పద్ధతిలోనే ఇవ్వాలనీ, ఏ ఒక్క కంపెనీ సొంత పద్ధతిలో ఉన్న ఫైలూ చెల్లదనీ సర్కారు నిర్ణయించిందట. చదవగానే ఒళ్ళు మండింది. కొట్లాడటానికి చొక్కా చేతులు పైకి మడిచాను. పొట్టి చేతుల చొక్కా కావడంతో పెద్దగా మడిచేందుకు ఏమీ లేకపోయింది.

లోపల ఒక మరాఠీ అధికారిణి కూర్చుని ఉంది. ఆమె మరాఠీలోనే మాట్లాడింది, నాకు తెలుగులో గుర్తుండిపోయింది. పెన్ డ్రైవు తీసుకుని, ఓపిగ్గా మూడు రకాలుగా ప్రయత్నించింది. తెర నిండా డబ్బాలు, చుక్కలు, కొక్కేలు వచ్చాయి. వదినె కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదికి వంగింది.

"గిది నా ఖోలీయేనా?"

"ఆఁ."

"నా పేరేడుంది?"

"గా డబ్బాలల్ల ఏడనో ఉంటది వదినె."

"ముప్పై డబ్బాలున్నయి. ఏ డబ్బాల ఉన్ననో చూపియ్యి, కూసుంట."

నేను అధికారిణి వైపు తిరిగి గొంతు పెంచాను. ముసలామె ఇల్లు పోతుంటే ఫైలు ఏ పద్ధతిలో ఉంటే మీకేమిటి అన్నాను. ఆమె నొచ్చుకోలేదు.

"కాకా, తాళం తయారుచేసే పద్ధతి అందరికీ తెలిస్తే, తాళంచెవి పోయినా ఇంకొకరు చేసిస్తారు. మీ ఫైలుకు వేసిన తాళం ఎలా చేశారో ఆ కంపెనీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కంపెనీ లేదు. మా దఫ్తరులోనే ఇలాంటివి ఒక అలమారా నిండా ఉన్నాయి. మా పాత రికార్డులే. మేమే తెరవలేం. అందుకే ఇకమీదట ఎవరైనా, ఎప్పుడైనా తెరవగలిగేలా ఉండాలని నిర్ణయం చేశారు. మీలాంటివాళ్ళ కోసమే చేశారు."

సర్కారు అన్యాయంగా మాట్లాడితే ఎలా కొట్లాడాలో మా వంశానికి నాలుగు తరాల అలవాటు ఉంది. సబబుగా మాట్లాడే సర్కారుతో ఎలా కొట్లాడాలో ఎవరూ నేర్పలేదు. ఆ నిర్ణయం పాతికేళ్ళ కిందట ఎవరైనా నా చెవిలో వేసి ఉంటే అని మాత్రం అనుకున్నాను. వేసినా ఆ రోజుల్లో నా చెవులు ఖాళీగా లేవు, నా ఉపన్యాసమే వింటున్నాయి.

"రేషను కార్డు ఉంది, కరెంటు బిల్లు ఉంది" అన్నాను.

"ఆమె అక్కడ ఉంటున్నారని అవి చెబుతాయి. ఖోలీ ఆమెకెలా వచ్చిందో చెప్పవు. రసీదులో పేరున్న మనిషి మనవలు రేపు వచ్చి మాదంటే? రాత కావాలి, లేదా రాసేటప్పుడు కూర్చున్న సాక్షులు కావాలి."

సాక్షులు! ఐదుగురు పెద్దలు, మేనమామ, అన్న. ఏడుగురివీ దశదిన కర్మ కార్డులు కొట్టింది నేనే. ఆ కార్డుల ఫైళ్ళు కూడా అదే పెన్ డ్రైవులో, అదే తాళం కింద ఉన్నాయి.

ఆ తరవాత రెండు వారాలు నేను ముంబయి మొత్తం గాలించాను. ఇల్లు తలకిందులు చేశాం, లాకు దొరకలేదు. లామింగ్టన్ రోడ్డులో పాత కంప్యూటర్లు అమ్మే దుకాణాలన్నీ తిరిగాను. వెనక కంత ఉన్న కంప్యూటరు ఒకటి దొరికింది. దాని వీపు చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కంత ఉంది, లాకు లేదు. దుకాణదారు ఫైలు చూసి నవ్వాడు. "వీళ్ళు లోపల ఏం చేశారో వాళ్ళకీ దేవుడికీ తెలుసు. వాళ్ళు దుకాణం మూసేశారు" అన్నాడు. దాదర్ వెళ్ళి మనవాళ్ళ గ్రంథాలయంలో అడిగాను. అక్కడి పెద్దాయన చాలా ఆదరంగా కూర్చోబెట్టి, తన కథల సంపుటి కూడా అదే ప్రోగ్రాములో ఉండిపోయిందని చెప్పాడు. ఒకరినొకరు ఓదార్చుకున్నాం. ఆయన కథల్లో రెండు నాకు పూర్తిగా చెప్పాడు కూడా. అవి తెరుచుకోకపోవడం వల్ల నష్టం ఏమీ లేదని నా అభిప్రాయం, కానీ ఆయనకు చెప్పలేదు.

ఖాళీ చేతులతో తిరిగొస్తే వదినె వరండాలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"దొరికిందా?"

"లేదు."

"సరె. కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు."

"ఏం చెప్తవు?"

"పుస్తకం."

నవ్వబోయాను. ఆమె అప్పటికే మొదలుపెట్టేసింది. ఒకటో ఖోలీ నుంచి. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు, చాప మీద ఎవరు ఏ పక్క కూర్చున్నారు, చాయ్‌లో చక్కెర తక్కువైందని ఎవరు సణిగారు. నాలుగు రోజులు, వంట పని అయ్యాక వచ్చి కూర్చునేది. నలభై రెండు ఖోలీలు. నేను మూడు నెలలు కష్టపడి కొట్టినదంతా ఆమె తలలో చెదలు పట్టకుండా ఉంది. కొన్నిచోట్ల నా తప్పులు కూడా దిద్దింది. తన ఖోలీ వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది.

"మామ గిట్ల గోడకానుకొని కూసున్నడు. మీ అన్న ముంగట్నే ముద్ర ఏసిండు. ఏసి, వేలు లుంగీకి తుడుసుకున్నడు. గా నీలి మరక పోనే లేదు, గా లుంగీ చినిగేదాంక ఉండె. గిది గూడ కొట్టు."

కొట్టాను.

ఈసారి అంతా బహిరంగ పద్ధతిలో చేశాను. మా ఫోన్లో తెరిచి చూశాం, వచ్చింది. జెరాక్సు దుకాణంలో తెరిచాం, వచ్చింది. పాన్ డబ్బా ఆయన ఫోన్లో కూడా తెరిచాం, ఆయనకి తెలుగు రాకపోయినా ముద్దుగా ఉందన్నాడు. నా జీవితంలో ఇంత తేలిగ్గా తెరుచుకునే ఫైలు నేను చేయలేదు.

ఆఫీసులో అధికారిణి పెన్ డ్రైవు పెట్టి ఒక్కసారి నొక్కింది. తెర మీద తెలుగు విచ్చుకుంది. గుణింతాలు, ఒత్తులు, అన్నీ ఎక్కడివక్కడ. వదినె మళ్ళీ వంగి, వేలు పెట్టి వెతికి, తన పేరు పట్టుకుంది.

"ఇగో! డబ్బాలు లెవ్వు!"

అధికారిణి కూడా నవ్వింది. తరవాత ఫైలు మీద ఏదో నొక్కి చూసి, నవ్వు ఆపేసింది.

"కాకా, చక్కగా తెరుచుకుంది. కానీ ఇది పోయిన వారం పుట్టింది."

"లోపలున్నవి నలభై యాభై ఏళ్ళ సంగతులు."

"చెప్పింది ఎవరు?"

నేను వదినె వైపు చూశాను. ఖోలీ నాదే అని ఖోలీ అడిగే మనిషే చెబితే అది సాక్ష్యం ఎలా అవుతుంది? అధికారిణి ఆ మాట పైకి అనలేదు. తెరుచుకోని పాత ఫైలునూ, తెరుచుకునే కొత్త ఫైలునూ రెండిటినీ దరఖాస్తుకు జతచేసి, తన వంతుగా ఒక చిన్న నోటు కూడా రాసింది. మాకు నీళ్ళిచ్చింది. అంతకన్నా ఆమె చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగి ఉంటే చేసేదని నాకు నమ్మకం, అదే మరీ బాధ.

పోయిన నెల జాబితా వచ్చింది. చాల్ కింద, నీళ్ళ పంపు పక్క గోడకి అంటించారు. నలభై ఒక్క పేర్ల పక్కన అర్హులు అని ఉంది. ఒక ఖోలీ నంబరు పక్కన పేరు లేదు.

"ఏం రాసిన్రు?" అంది వదినె.

"నిర్ణయం కాలేదు అని రాసిన్రు."

"అంటె ఇస్తరా, ఇయ్యరా?"

"రెండూ కాదు."

"గట్ల గూడ రాస్తరా?"

"రాస్తరట. రాత ఏదన్న దొరికితె మళ్ళ పెట్టుకోమన్నరు."

"దొరుకుతదా?"

చిటికెడు విషయాన్ని గంపెడు చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ వేళ గంపలో వేయడానికి చిటికెడు కూడా దొరకలేదు.

"తెల్వదు వదినె."

ఆమె తిట్టి ఉంటే హాయిగా ఉండేది. పంపు దగ్గర బిందె నిండిందేమో చూసుకుని, ఎత్తుకుని మెట్లెక్కిపోయింది.

అర్హులైనవాళ్ళకి తాత్కాలికంగా ఉండటానికి వేరే చోట గదులు ఇస్తున్నారు. మాకూ వచ్చింది. వరండా అంతా అట్టపెట్టెలు, తాళ్ళు, మడత మంచాలు. నిర్ణయం కానివాళ్ళకి ఆ గదులు లేవు, నిర్ణయం అయ్యేదాకా ఆగాలి. అయితే చాల్ కూల్చేవాళ్ళు నిర్ణయం కోసం ఆగుతారో లేదో ఏ నోటీసులోనూ లేదు. నేను వెళ్ళి అడిగాను. అడిగిన ప్రతివాళ్ళూ ఇంకో కిటికీ చూపించారు.

"సామాన్లు కట్టాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు" అంది వదినె.

ఆమె సగం కట్టింది. ఇత్తడివి, చలికాలపు దుప్పట్లు, అన్న ఫొటో, టీ గిన్నె ఒక గోనెసంచిలోకి వెళ్ళాయి. మిగిలినవి అలమారాలో ఉండిపోయాయి. ఏది ఎందుకు కట్టిందో, ఏది ఎందుకు కట్టలేదో అడిగితే "చెయ్యికి ఏదొస్తె అది" అంది.

నిన్న పొద్దున వెళ్ళేసరికి సంచి మూతి విప్పి ఉంది. చేయి లోపలికి పోనిచ్చి టీ గిన్నె బయటికి లాగింది. టీ కాచి నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తాగాక గిన్నె కడిగి, కొంగుతో తుడిచి, మళ్ళీ సంచిలో అన్న ఫొటో పక్కన పెట్టి, తాడు బిగించి ముడి వేసింది.

"రేపెట్ల?" అన్నాను.

"రేపు మళ్ళ విప్పుత" అంది.